తమ్ముడు మాంసం తప్ప ఇంకేమీ తినడం లేదు. షుగర్ దిగింది, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 204 అయింది. ఏం చేయాలి?

పెద్దక్క:

నమస్కారం అండి. మా తమ్ముడికి 44 ఏళ్ళు. చాలాకాలంగా టైప్ 2 షుగర్, దానికి తోడు బీపీ. ఆ మధ్య వీడియోలు చూసి కార్నివోర్ డైట్ మొదలుపెట్టాడు. మాంసం, గుడ్లు, చేపలు, వెన్న, ఉప్పు, నీళ్ళు. అంతే. ఆకు లేదు, కాయ లేదు, పండు ముక్క కూడా ముట్టడు. నాలుగు రోజులు పోతే వాడే మానేస్తాడులే అనుకున్నాం. మానలేదు.

నిజం చెప్పాలంటే మనిషి బాగున్నాడు. పొట్ట బాగా తగ్గింది, బెల్టుకి కొత్త కన్నం పొడిపించుకున్నాడు. మధ్యాహ్నం కునుకు తీయకపోతే ఉండలేనివాడు ఇప్పుడు హుషారుగా తిరుగుతున్నాడు. ఎప్పుడూ కడుపు ఉబ్బరం అనేవాడు, ఇప్పుడు ఆ మాటే లేదు. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 8.1 నుంచి 6.3కి దిగింది. రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 240 ఉండేవి, 95కి వచ్చాయి. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 38 నుంచి 47 అయింది.

కానీ అదే కాగితం మీద ఎల్‌డీఎల్ 126 ఉన్నది 204 అయింది. ల్యాబ్ వాళ్ళు ఆ ఒక్క అంకెనీ మందంగా అచ్చువేసి పక్కన పైకి బాణం గుర్తు పెట్టారు. వాడిని అడిగితే, "అక్కా, ట్రైగ్లిజరైడ్లు తగ్గితే ఎల్‌డీఎల్ ఎంతున్నా ఫర్వాలేదు, అదంతా పాత లెక్క" అంటాడు.

ఇంకో రెండు సంగతులు. కూర్చున్నవాడు గబుక్కున లేస్తే కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటున్నాడు. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి. మందులు మాత్రం పాతవే వేసుకుంటున్నాడు: షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టన్. తిండి మార్చిన సంగతి డాక్టర్‌కి చెప్పలేదట. చెబితే తిడతారని.

నాకు వాడి మీద కోపం లేదు. ఇన్నేళ్ళకి ఒక పద్ధతి ప్రకారం తింటున్నాడు, అది చూస్తే సంతోషమే. కానీ మా నాన్న 52 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. ఆ 204 చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఈ తిండి వల్ల నిజంగా లాభమెంత, ప్రమాదమెంత? తెలిసినవాళ్ళు చెప్పండి. వాడిని తిట్టకుండా చెప్పండి, మీ జవాబులు వాడికే చూపిస్తాను.

కొత్తదారి:

అక్కా, నేను కూడా ఇదే తిండి మీద ఉన్నాను, ఏడాది దాటింది. నాది షుగర్ కాదు, పేగుల బాధ. ఎక్కడికి బయలుదేరినా ముందు అక్కడ బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవాల్సిన బతుకు. ఎన్ని మందులు వాడినా అది తీరలేదు. మాంసం, గుడ్లకి మారాక తీరింది. ఆకలి కూడా మారిపోయింది. రోజుకి రెండుసార్లు తింటే చాలు, మధ్యలో నోరు చిరుతిళ్ళ కోసం లాగదు. ఇది అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మీ తమ్ముడు ఎందుకు వదలడం లేదో నాకు బాగా అర్థమవుతోంది.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన పిచ్చి కూడా కాదు. విల్యాల్మర్ స్టెఫాన్సన్ అనే ధ్రువ ప్రాంత అన్వేషకుడు అక్కడి మూలవాసులైన ఇన్యూట్ ప్రజల మధ్య ఏళ్ళ తరబడి మాంసం, చేపలే తిని బతికాడు. ఎవరూ నమ్మకపోతే 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో, ఇంకో సహచరుడితో కలిసి ఏడాదిపాటు మాంసమే తిన్నాడు. ఇద్దరికీ విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ రాలేదు, కిడ్నీలు పాడవలేదు. 1930లో ఆ ఫలితాలు వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

పిక్కలు పట్టేయడం, కళ్ళు తిరగడం ఉప్పు చాలకే అనిపిస్తోంది. నాకూ మొదట్లో అలాగే ఉండేది, ఉప్పు పెంచాక సర్దుకుంది. ఎల్‌డీఎల్ నాకూ పెరిగింది, దాని గురించి నేనైతే టెన్షన్ పడటం లేదు.

వార్డు డైటీషియన్:

పెద్దక్క గారూ, ఎల్‌డీఎల్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మందుల సంగతి, అదీ ఈ రోజే. నేను ఆసుపత్రిలో షుగర్ రోగులకి ఆహారం రాసిచ్చే పనిలో ఉన్నాను. మీ ప్రశ్నలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది 204 కాదు, "మందులు పాతవే" అన్న మాట.

గ్లిమిపిరైడ్ పని ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. తిన్నదాంట్లో పిండి పదార్థం ఉందా లేదా అని అది చూడదు. పిండి పదార్థం దాదాపు సున్నా అయినప్పుడు పాత డోసే వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమకగా మాట్లాడటం, నిద్రలో అయితే ఎవరికీ తెలియను కూడా తెలియదు.

డాపాగ్లిఫ్లోజిన్ ఇంకా ముఖ్యం. అది గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపేస్తుంది. ఇటు తిండిలోనూ గ్లూకోజ్ లేదు. ఇన్సులిన్ బాగా తగ్గిపోతుంది, కాలేయం కొవ్వుని కరిగించి కీటోన్లు తయారుచేస్తూ పోతుంది. కీటోన్లు కొంతవరకే పెరిగే మామూలు కీటోసిస్ వేరు. ఈ మందు తోడైతే అది హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారే స్థితికి, అంటే కీటోఅసిడోసిస్‌కి వెళ్ళవచ్చు. దీంట్లో మోసం ఎక్కడుందంటే, షుగర్ మీటర్‌లో అంకె మామూలుగానే ఉంటుంది. ఇలాంటి ఒక మనిషి మా వార్డుకి వాంతులతో వచ్చారు. మీటర్ 170 చూపిస్తోంది. ఏదో పడని తిండి తిన్నారని ఇంటివాళ్ళు అనుకున్నారు. ఆయన మాత్రం మంచం మీద కూర్చుని, పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా ఊపిరి తీస్తున్నారు. ఆ ఊపిరి చూసే డ్యూటీ డాక్టర్ కీటోన్లు పరీక్ష చేయించారు. తర్వాత ఆయన ఐసీయూలో ఉండాల్సి వచ్చింది.

కాబట్టి మీ తమ్ముడికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే షుగర్ ఎంతుందన్నది పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. మందు పేరు, తిండి సంగతి రెండూ చెప్పి, రక్తంలో కీటోన్లు చూడమని అడగండి.

మూడోది బీపీ మాత్ర. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పునీ నీటినీ బయటికి వదిలేస్తాయి. బరువు తగ్గినకొద్దీ బీపీ దానంతట అదే తగ్గుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ కూడా నీటిని లాగేస్తుంది. వీటన్నిటి మీద పాత డోసు టెల్మిసార్టన్. లేవగానే కళ్ళు తిరగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. కొత్తదారి గారూ, ఉప్పు మీకు పనిచేసి ఉండవచ్చు. బీపీ మందు వాడుతున్న మనిషికి మాత్రం ఉప్పు పెంచమని చెప్పేముందు బీపీ కొలిచి, డోసు చూడాలి.

ఏ మందు ఆపాలో, ఏది కొనసాగించాలో సొంతంగా తేల్చుకోవద్దు. డాక్టర్‌కి ఈ రోజే ఫోన్ చేయించండి. "నేను పిండి పదార్థాలు పూర్తిగా మానేశాను, నా మందులు ఇవి, కళ్ళు తిరుగుతున్నాయి" అని చెబితే చాలు. హెచ్‌బీఏ1సీ 6.3 చేతిలో పెట్టుకుని వెళ్ళే రోగిని ఏ డాక్టరూ తిట్టరు.

ఇప్పుడు లాభాల మాట. అవి నిజమైనవే, వాటిని కాదనను. పిండి పదార్థం మానితే షుగర్ తగ్గుతుంది, ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి. ప్రోటీన్ కడుపు నిండిన భావన ఇస్తుంది కాబట్టి తక్కువ తింటారు, బరువు తగ్గుతారు. మొదట్లో గబగబా తగ్గేదాంట్లో నీరే ఎక్కువనుకోండి. శరీరంలో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, గ్లైకోజెన్ ఖర్చవగానే ఆ నీరూ పోతుంది. మాంసంలో బీ12, జింక్, శరీరం సులువుగా తీసుకోగల ఇనుము పుష్కలం. ఉబ్బరం తగ్గడం కూడా నమ్మదగ్గదే. పేగుల్లో పులిసి గ్యాస్ తయారుచేసే పదార్థాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి కదా.

అయితే ఈ లాభాల్లో ఎక్కువ భాగం మీ తమ్ముడు మానేసిన వాటి వల్ల వచ్చింది. తీపి, మైదా, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్ళు, తియ్యటి పానీయాలు పోయాయి, షుగర్ దిగింది. వాటితోపాటు ఆకుకూరలూ గింజలూ కూడా పోయాయి. వాటికి ఆ 8.1తో ఏ సంబంధమూ లేదు. నేను ఆయనకి చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఇదే.

ఎందుకంటే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది, దాని గురించి వీడియోలు చెప్పవు. మనకి శక్తి వచ్చేది మూడింటి నుంచి: పిండి పదార్థం, ప్రోటీన్, కొవ్వు. ఒకటి పూర్తిగా తీసేశాక మిగిలినవి రెండే. ప్రోటీన్‌ని ఇష్టమొచ్చినంత పెంచలేం. దాని నుంచి వచ్చే నత్రజనిని కాలేయం యూరియాగా మార్చి పంపాలి, ఆ సామర్థ్యానికి హద్దు ఉంది. రోజు మొత్తం శక్తిలో మూడో వంతు కంటే ప్రోటీన్ బాగా ఎక్కువైతే వికారం, విరేచనాలు, నీరసం మొదలవుతాయి. చలికాలంలో కొవ్వు లేని కుందేలు మాంసమే దొరికిన వేటగాళ్ళు కడుపు నిండా తింటూనే చిక్కిపోయేవాళ్ళు. కొత్తదారి గారు చెప్పిన స్టెఫాన్సన్‌కే ఇది జరిగింది. బెల్‌వ్యూలో మొదట కొవ్వు లేని మాంసం పెడితే రెండు మూడు రోజుల్లోనే జబ్బుపడ్డాడు, కొవ్వు కలిపాక కోలుకున్నాడు. ఆ తర్వాత ఆయన తిన్నది రోజుకి 100 నుంచి 140 గ్రాముల ప్రోటీన్, 200 నుంచి 300 గ్రాముల కొవ్వు. అంటే పేరుకి మాంసాహారం, లెక్కకి కొవ్వు ఆహారం.

ఆ కొవ్వులో, మాంసమూ వెన్నా అయినప్పుడు, సంతృప్త కొవ్వు చాలా ఉంటుంది. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కునే గ్రాహకాలు కాలేయం మీద ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే అవి తగ్గిపోతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. కొవ్వు తగ్గిద్దామంటే ప్రోటీన్ హద్దు దాటుతుంది. ప్రోటీన్ తగ్గిద్దామంటే కొవ్వు పెరుగుతుంది. మాంసాహారం ఒక్కటే అన్న ఈ గీత లోపల ఉన్నంతకాలం చేపల వైపు మళ్ళడం తప్ప పెద్దగా దారి లేదు.

"పాత లెక్క" అన్న మాటకి జవాబు. ఎల్‌డీఎల్ ధమనుల్లో పూడికకి కారణమన్నది ఏదో ఒక్క సర్వేతో తేలింది కాదు. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండే కుటుంబాల్లో చిన్న వయసులోనే గుండెపోట్లు వస్తాయి. పీసీఎస్‌కే9 అనే జన్యువులో మార్పు వల్ల జీవితమంతా ఎల్‌డీఎల్ తక్కువగా ఉన్నవాళ్ళకి గుండెజబ్బులు బాగా తక్కువ. మందులతో తగ్గించినా ముప్పు తగ్గుతోంది. మూడు వేర్వేరు దారుల్లో చూసినా అదే తేలింది. ట్రైగ్లిజరైడ్లు 95 కావడం మంచిదే, కానీ అది 204ని రద్దు చేయదు. ఎల్‌డీఎల్ 190 దాటితే మిగతా అంకెలు ఎలా ఉన్నా మందు గురించి ఆలోచించమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మీ తమ్ముడికి షుగర్ ఉంది, తండ్రికి 55 ఏళ్ళలోపు గుండెపోటు వచ్చింది. ఈ రెండూ విడిగానే ముప్పు పెంచేవి.

బెల్‌వ్యూ ప్రయోగాన్ని నేనూ గౌరవిస్తాను. కానీ పాల్గొన్నది ఇద్దరు, ఇద్దరికీ షుగర్ లేదు, మందులు లేవు. ఆ తిండిలో కాల్షియం అవసరం కంటే చాలా తక్కువగా ఉందని అప్పుడే గమనించారు. ధమనుల్లో పూడిక పేరుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, అది ఏడాదిలో తెలిసేది కాదు. ఇన్యూట్ ప్రజలు కూడా కండ ఒక్కటే తినలేదు. కాలేయం, చర్మం కింది కొవ్వు, తిమింగలం చర్మం, చాలావరకు పచ్చిగా. పైగా కీటోన్ల తయారీనే తగ్గించే సీపీటీ1ఏ జన్యుమార్పు వాళ్ళలో చాలా మందికి ఉంది.

రాళ్ళ బాధితుడు:

ఇక్కడ కిడ్నీల మాట ఎక్కువ రాలేదు కాబట్టి రాస్తున్నాను. మీ తమ్ముడికి గతంలో రాళ్ళు వచ్చాయేమో అడగండి. నాకు యూరిక్ యాసిడ్ రాళ్ళ చరిత్ర ఉంది. మాంసం ఎక్కువ, కూరగాయలు సున్నా అన్న పద్ధతిలో ఉన్నప్పుడు మళ్ళీ వచ్చాయి. నడుము పక్క నుంచి గజ్జల్లోకి జారే ఆ నొప్పికి కూర్చోలేం, పడుకోలేం, నేల మీద దొర్లడమే. మా యూరాలజిస్ట్ చెప్పిందేమిటంటే, మాంసం ఎక్కువైతే మూత్రం ఆమ్లంగా మారుతుంది, రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేట్ తగ్గిపోతుంది. కీళ్ళవాపు, గౌట్ ఉన్నవాళ్ళకీ ఇదే జాగ్రత్త.

కొత్తదారి:

డైటీషియన్ గారూ, మందుల సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు. ధన్యవాదాలు. నా విషయంలో రెండు ప్రశ్నలు. నేను విటమిన్ల కోసం కాలేయం దాదాపు రోజూ తింటున్నాను, అది మంచిదే కదా? పీచు లేకపోయినా నాకు మలబద్ధకం లేదు. అలాంటప్పుడు పీచు ఎందుకు?

వార్డు డైటీషియన్:

కాలేయం రోజూ వద్దండి. పెద్దవాళ్ళకి రోజుకి 3,000 మైక్రోగ్రాముల రెటినాల్ రూపంలోని విటమిన్ ఏ గరిష్ఠ హద్దు. పశువుల కాలేయం వంద గ్రాములు తింటేనే అది దాటిపోతుంది. ఒంట్లో పేరుకునే విటమిన్ ఇది. తలనొప్పి, చర్మం పొలుసులు రాలడం, కాలేయం దెబ్బతినడం దాకా వెళుతుంది. వారానికోసారి కొద్దిగా తింటే చాలు. గర్భిణులైతే కాలేయం మానుకోవాలి, ఎక్కువైన రెటినాల్ బిడ్డకి లోపాలు తెస్తుంది. అసలు గర్భిణులు, బాలింతలు, పిల్లలు, కిడ్నీజబ్బు ఉన్నవాళ్ళు ఈ పద్ధతి జోలికే వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం.

పీచు మలబద్ధకం కోసమే అనుకుంటారు చాలామంది. పెద్దపేగులోని బాక్టీరియా పీచుని తిని బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి. పేగు లోపలి పొరకి ముఖ్యమైన ఇంధనం అదే. పూర్తిగా జంతు ఆహారానికి మారితే కొద్ది రోజుల్లోనే ఆ బాక్టీరియా రకాలు మారిపోతాయని 2014లో ప్రయోగపూర్వకంగా చూపించారు. ఇంకోటి, సాసేజ్, బేకన్ లాంటి నిల్వచేసిన మాంసాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో వాటిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. ఎర్ర మాంసాన్ని "బహుశా కారకం" అన్న వర్గంలో పెట్టింది. కాబట్టి తినేదేదో తాజాది తినండి, మాడ్చకండి.

మీకు ఎల్‌డీఎల్ పెరిగిందన్నారు. అందరికీ అలాగే ఉంటుందిలే అనుకోకండి. ఈ పద్ధతిలో ఉన్న 2,029 మంది చెప్పిన వివరాలతో 2021లో ఒక సర్వే వచ్చింది. దాదాపు అందరూ సంతోషంగా ఉన్నామనే చెప్పారు, వాళ్ళ మధ్యస్థ ఎల్‌డీఎల్ మాత్రం 172. హాయిగా ఉండటం, ధమనులు బాగుండటం రెండూ విడివిడిగా చూసుకోవాల్సినవి.

పెద్దక్క:

అందరికీ నమస్కారాలు. డైటీషియన్ గారి జవాబు చదివి వినిపించగానే వాడు లోపలికెళ్ళి మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు, ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టర్‌కి ఫోన్ చేశాం, వెంటనే రమ్మన్నారు. డాపాగ్లిఫ్లోజిన్, గ్లిమిపిరైడ్ ఆపేశారు, బీపీ మాత్ర సగానికి తగ్గించారు. ఎల్‌డీఎల్‌కి మందు ఇప్పుడే మొదలుపెడదామన్నారు. వాడు మూడు నెలలు గడువు అడిగితే, తిండి మారుస్తానంటేనే ఒప్పుకుంటానన్నారు. కళ్ళు తిరగడం ఇప్పుడు లేదు.

వాడి భయమల్లా ఒకటే. కూరగాయలు మళ్ళీ తింటే ఆ ఉబ్బరం తిరిగి వస్తుందేమో, షుగర్ ఎక్కుతుందేమో అని. ఇంకోటి, తర్వాత ఏయే పరీక్షలు చేయించాలి?

వార్డు డైటీషియన్:

చాలా మంచి పని చేశారమ్మా. అన్నీ ఒకేసారి తినవద్దని చెప్పండి. ముందు పిండి పదార్థం అతి తక్కువగా ఉండే ఆకుకూర ఒకటి, బాగా ఉడికించి, నాలుగైదు రోజులు. పడితే రెండోది. ఆ తర్వాత గుప్పెడు బాదం లేదా వాల్‌నట్. ఏది తిన్నప్పుడు ఉబ్బరం వచ్చిందో కాగితం మీద రాసుకుంటే, తనకి పడనివి ఒకటో రెండో తేలతాయి, మిగతావన్నీ తినొచ్చు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యాలు గ్యాస్ ఎక్కువ చేస్తాయి, వాటిని చివరికి ఉంచండి. వెన్న, కొవ్వు ముక్కల బదులు చేపలు, గింజల నూనెలు. ఇంతవరకూ షుగర్ పెద్దగా కదలదు, మీటర్‌తో ఆయనే చూసుకోవచ్చు.

పరీక్షలు: లిపిడ్ ప్రొఫైల్, వీలైతే దాంతో అపోబీ (ఎల్‌డీఎల్ లాంటి కణాలు ఎన్ని ఉన్నాయో చెప్పే పరీక్ష). హెచ్‌బీఏ1సీ, యూరిక్ యాసిడ్, సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్. క్రియాటినిన్‌కి ముందు రోజు మాత్రం మాంసం తినవద్దనండి. ఉడికించిన మాంసం తిన్నాక రక్తంలో క్రియాటినిన్ కొన్ని గంటలు పెరిగి, బాగున్న కిడ్నీలు కూడా పాడైనట్టు కనిపిస్తాయి. అనుమానంగా వస్తే కిడ్నీల పనితీరునే ఇంకో దారిలో చూసే సిస్టాటిన్ సీ పరీక్ష అడగండి, దానిమీద మాంసం ప్రభావం ఉండదు. మూడు నెలల తర్వాత కూడా ఎల్‌డీఎల్ దిగకపోతే ఇంకో గడువు అడగకుండా డాక్టర్ చెప్పిన మందు మొదలుపెట్టమనండి. ఆ రిపోర్ట్ వచ్చాక అంకెలు ఇక్కడ రాయండి, చూస్తాను.